తెల్లగవ్వ దీవిలో ఆగిన విమానం

2083 నాటికి విశాఖపట్నంలో విమానం చప్పుడు విని తలెత్తి చూసేవాళ్ళు లేరు. ఆరున్నరకొకటి, ఏడింటికొకటి, సిటీ బస్సుల్లా సైనిక రవాణా విమానాలు సముద్రం మీదుగా దీవులకు వెళ్ళి వచ్చేవి. వాటికి పైలట్లు లేరు. కాక్‌పిట్ కూడా లేదు. ముందు అద్దాలుండాల్సిన చోట నున్నటి తెల్లటి రేకు, అంతే.

కమాండర్ గనగళ్ళ పైడిరాజు మాత్రం ఇంకా తలెత్తి చూసేవాడు. ఆయనకు ఎనభై రెండేళ్ళు. భీమిలిలో తెరచాప పడవల వాళ్ళింట్లో పుట్టి, నౌకాదళంలో పైలటై, ముప్పై రెండేళ్ళు రవాణా విమానాలు నడిపాడు. యుద్ధ విమానాల వాళ్ళకు పతకాలుండేవి. ఈయనకు దీవుల్లో చుట్టాలుండేవారు. ఎక్కడ దిగినా ఎవరో ఒకరు కొబ్బరి బొండాం కొట్టి పట్టుకొచ్చేవారు.

అలాంటి మనిషిని వెతుక్కుంటూ డాక్టర్ చింతలపూడి సువర్చల వచ్చింది. ఆమె తయారుచేసిన యంత్రం పేరు 'అనుభవగ్రాహి'. పైలట్ లేని విమానాలు లెక్క ప్రకారం ఎగురుతాయి. చిన్న దీవి, పొట్టి రన్‌వే, పక్కనుంచి కొట్టే గాలి అయితే, ప్రమాదం పాలు ఎక్కువని తేల్చి వెనక్కి వచ్చేస్తాయి. వెనకటి పైలట్లు అలాంటి చోటే దిగేవారు. ఎలా దిగేవారో వాళ్ళూ చెప్పలేరు. ఆ విద్య మాటల్లో లేదు, చేతుల్లో ఉంది. అనుభవగ్రాహి తొడుగులు వేసుకుని, నమూనా కాక్‌పిట్‌లో కూర్చుని పాత ప్రయాణాన్ని తలుచుకుంటే, వేళ్ళలో, పాదాల్లో, ఊపిరిలో కలిగే నాడీ సంకేతాలను అది పట్టుకుని విమానానికి అందిస్తుంది.

"పదమూడు మంది పాత పైలట్ల దగ్గర తీసుకున్నాం. మీరు పద్నాలుగో వారు, కమాండర్ గారూ," అంది సువర్చల.

"నా చేతులకిప్పుడు కాఫీ గ్లాసే నిలవదమ్మా. వాటిలో ఏటుంటాది?" అంటూనే తొడుగులు తొడుక్కున్నాడు.

ఆ నెల రోజులూ ఆయనకు పండగే. తనకు చదువు చెప్పినవాళ్ళు వాళ్ళ గురువుల దగ్గర విన్న పాత డకోటా విమానాల కబుర్లు చెప్పాడు. తలుపు ఊడదీసి, నడుముకి తాడు కట్టుకుని, బియ్యం బస్తాలను కాళ్ళతో తన్ని కిందికి జారవిడిచిన రోజులవి. తర్వాత తన రోజులు చెప్పాడు. రెండు పంకాల చిన్న విమానం, పంతొమ్మిది సీట్లు. ఓటింగ్ యంత్రాలు మోశాడు, ఆక్సిజన్ సిలిండర్లు మోశాడు, ఒకసారి పెళ్ళికూతురి సారె కూడా మోశాడు. "ఎండుచేపలు ఎక్కించామంటే వారం దాకా ఆ వాసన పోయేది కాదు. ఇప్పుడా వాసన తగిల్తే ఏడుపొస్తాదమ్మా," అన్నాడు నవ్వుతూ.

ఆఖరున, అందరికీ తెలిసిన ప్రయాణం. 2034లో తుపాను నడుమ తెల్లగవ్వ దీవిలో దిగి, పంతొమ్మిది సీట్లలో ఇరవై ఆరుగురిని తీసుకొచ్చాడు. ఆయనకున్న ఒక్క శౌర్య పతకం దానికే వచ్చింది.

2083 నవంబరులో మళ్ళీ తుపాను పట్టింది. అదే దీవి. దీవిలో ముప్పై ఎనిమిది మంది గాయపడ్డారు. రెండు విమానాలు వెళ్ళి, గాలి చూసి తిరిగొచ్చాయి. మధ్యాహ్నం రెండింటికి సువర్చల మూడో విమానానికి పైడిరాజు అనుభవాన్ని ఎక్కించి పంపింది. ఆయన కంట్రోల్ గదిలో తెర ముందు కూర్చున్నాడు.

విమానం గాలికి ఒరిగి, పీతలా పక్కకు నడుస్తూ వచ్చింది. కుడి చక్రం ముందు ఆనింది, తర్వాత ఎడమది.

"అదీ! అదే నేను!" అంటూ ముసలాయన లేచి నిలబడ్డాడు. గదంతా చప్పట్లు.

ఇరవై నిమిషాల్లో ముప్పై ఎనిమిది మందీ ఎక్కారు. తలుపు మూసుకోలేదు. సువర్చల బయల్దేరమని ఆజ్ఞ ఇచ్చింది. విమానం కదల్లేదు.

"ఎందుకు ఆగావు?" అని మైకులో అడిగింది.

"ఇంకా ఉన్నారు," అంది విమానం, స్పీకర్లోంచి.

"ఎవరు?"

"నలుగురు. కొబ్బరి తోట వైపు."

కెమెరా అటు తిప్పారు. తోట లేదు. ఎప్పుడో సముద్రం కోసుకుపోయింది. ఇసుకా నురగా తప్ప మనిషి జాడ లేదు. గాలి పెరుగుతోంది. ఇంకో పది నిమిషాలు దాటితే లేవడం కుదరదు.

"పరికరంలో తప్పు వచ్చింది," అంది సువర్చల కంగారుగా.

"తప్పు పరికరానిది కాదమ్మా." అన్నాడు పైడిరాజు. "ఆ రోజు ఇరవై ఆరుగురెక్కాక నలుగురు తోటలోంచి పరిగెత్తుకొచ్చారు. ఒకావిడ చెయ్యి ఊపింది. ఇంకొక్కరెక్కితే విమానం లేవదనుకున్నాను. లేచేదేమో. థ్రాటిల్ పిడి ముందుకు తోసి లేచిపోయాను. రిపోర్టులో రాయలేదు. మా ఇంటిదానికీ చెప్పలేదు."

ఆయన తనంతట తానే నమూనా కాక్‌పిట్‌లోకి ఎక్కి తొడుగులు వేసుకున్నాడు.

"అది నా చేతి మాటే వింటాది. దాన్ని నాతో కలుపు."

సువర్చల కలిపింది.

"ఇంకా నలుగురున్నారు," అంది విమానం మళ్ళీ.

"ఉండేవారు," అన్నాడు పైడిరాజు. "నీ కడుపులో ముప్పై ఎనిమిది మందున్నారు. పద."

థ్రాటిల్ ముందుకు తోశాడు. నలభై తొమ్మిదేళ్ళ క్రితం తోసినట్టే. తెర మీద తలుపు మూసుకుంది, విమానం లేచింది. ఆయన మాత్రం చాలాసేపు ఆ పిడి వదల్లేదు.

వారం తర్వాత సువర్చల ఆయన ఇంటికి వచ్చింది. ముప్పై ఎనిమిది మందీ బతికారని చెప్పింది.

"పైవాళ్ళు ఆ ఆగడాన్ని తీసేయమన్నారు. తీసేసి చూశాం. దిగడం కూడా పోయింది. మామూలు విమానాల్లా గాలి చూసి వెనక్కి వచ్చేసింది. రెండూ ఒకే నరంలో ఉన్నట్టున్నాయి."

పైడిరాజు తల వంచుకున్నాడు. "చెడిపోయిన సరుకిచ్చాను నీకు."

"అది చెప్పడానికే వచ్చాను." ఆమె ఫోన్ తీసింది. "మిగతా పదమూడు మందివీ మళ్ళీ విడివిడిగా, వాళ్ళ పాత దారుల్లోనే నడిపించి చూశాం. ఒక విమానం ఓ లోయ మీద ఊరికే మూడుసార్లు తిరుగుతుంది. ఇంకొకటి ఖాళీ సముద్రం మీద కిందికి దిగి వెతుకుతుంది. ఆ చోట్లు ఏ రిపోర్టులోనూ లేవు. పద్నాలుగు మందిలో ఒక్కరిది కూడా తిన్నగా పోలేదు."

"లోయ మీద తిరిగేదెవరిది?"

"కెప్టెన్ జోజప్ప గారిది. కాకినాడ."

పైడిరాజు ఉలిక్కిపడ్డాడు. తెల్లగవ్వ తర్వాతి పదకొండేళ్ళు పక్క సీట్లో కూర్చున్న మనిషి. ఒకే డబ్బాలో పులిహోర తిన్నారు. ఇప్పటికీ ప్రతి ఆదివారం మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటారు.

ఆ రోజు ఆదివారం కాదు. అయినా ఫోన్ చేశాడు.

"ఏంటిరా, ఈ వేళప్పుడు? మోకాలా?" అన్నాడు జోజప్ప.

"కాదురా. నాకు తెల్లగవ్వలో ఒకటి జరిగింది. నీకు చెప్పలేదు. ముందు అది చెప్తాను." అన్నాడు పైడిరాజు. "తర్వాత నువ్వా లోయలో ఏటైందో చెప్పు."

అవతల కుర్చీ జరిపిన శబ్దం, తలుపు మూసిన శబ్దం వినిపించాయి.

"చెప్పరా, వింటున్నాను," అన్నాడు జోజప్ప.