సీటు లేని బండి

ఆదివారం పొద్దున ఎనిమిది కొట్టకముందే, వికారాబాద్ స్టేషన్ రోడ్డులో ఉన్న కరుణ డిటెక్టివ్ ఆఫీసు మెట్లను ఎవరో రెండేసి చొప్పున ఎక్కుతున్న చప్పుడైంది. టీ గ్లాసు పట్టుకున్న వేణు తలెత్తేలోపే తలుపు తోసుకుని ఒక అమ్మాయి లోపలికి వచ్చేసింది. ఇరవై రెండేళ్లుంటాయి. మోకాళ్లకు ప్యాడ్లు, కాళ్లకు ఎత్తు బూట్లు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రబడ్డాయి.

“మేడమ్, నా బండి పోయింది. మా నాయినను జైల్ల ఏస్తరంట. రెండు గంటలకు పోటీ!” అని ఒక్క గుక్కలో చెప్పి కుర్చీలో కూలబడింది.

బండి పోతే పోలీస్ స్టేషన్‌కు పోవాలి గానీ ఇక్కడికెందుకని వేణు మనసులో అనుకున్నాడు. హత్యలూ దోపిడీలూ చూడొచ్చని తండ్రి కిరాణా కొట్టు వదిలి ఈ ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. ఇప్పటిదాకా పెళ్లికొడుకుల వెనక తిరగడమే సరిపోయింది. అయినా కరుణ మీద అతని నమ్మకం మాత్రం సడలలేదు. పదిహేనేళ్లు బీమా సర్వేయరుగా గుద్దుకున్న వాహనాలు చూసిన మనిషి ఆవిడ. సొట్టను చూసి డ్రైవరు అన్నం తిన్నాడో లేదో చెప్పగలదని వేణు ఊరంతా చాటేవాడు.

“ముందు నీళ్లు తాగు,” అంది కరుణ. “పేరేంటి? ఏం బండి?”

అమ్మాయి పేరు అశ్విని. బంట్వారం దగ్గర పల్లె. ఫోన్ తీసి ఫోటో చూపించింది. సన్నగా, మిడతలా ఉన్న మోటారుసైకిలు. వేణు ఫోన్ అటూ ఇటూ తిప్పి చూశాడు.

“సీటేదమ్మా దీనికి?”

“ఉండదన్నా. ట్రయల్స్ బండి ఇది. నిలబడే నడపాలె. ఉరుకుడు పోటీ కాదు. బండల మీదికెల్లి, గుండ్ల మీదికెల్లి కాలు కింద పెట్టకుంట నడుపుడే ఆట.”

బండి తాండూరు నాపరాళ్ల వ్యాపారి రాజేశం సేటుది. ట్రయల్స్ క్లబ్బుకు ఆయనే అధ్యక్షుడు. రెండేళ్లుగా దాన్ని నడిపేదీ, విప్పి కడిగి బిగించేదీ అశ్వినే. ఇవాళ సేటు పాత గనిలో పోటీ. మొదట వచ్చినవాళ్లు దక్షిణాది జట్టు శిక్షణకు పోతారు. ఇలాంటి అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

“నిన్న సాయంత్రం బండిని వ్యాన్ల తెచ్చి గని కాడ రేకుల షెడ్డుల పెట్టినం. నేను మేనత్త ఇంట్ల పండుకున్న. పొద్దుగాల ఆరున్నరకు పోయి చూస్తే లేదు. మా నాయిననే ఎత్తుకపోయిండని వాచ్‌మన్ జంగప్ప అంటుండు. ‘నోరు మూసుకుని ఇంటికి పో, లేకుంటే మీ నాయిన మీద కేసు పెడ్త’ అన్నడు సేటు.”

“మీ నాయిన మీదికే ఎందుకు పోయింది అనుమానం?”

అశ్విని తల దించుకుంది. “మొన్న సేటు ఇంటి ముంగటనే ఒర్రిండు మేడమ్, గా బండిని గుట్ట మీదికెల్లి నూకేస్తనని. నేను పడి కాలో చెయ్యో ఇరగ్గొట్టుకుంటనని ఆయన భయం. కని మా నాయిన దొంగ కాదు. గొర్లు కాసే మనిషి, ఒకరి గడ్డిపోచ ముట్టడు.”

కరుణ అప్పటికే కారు తాళాలు తీసుకుంది. “వేణూ, ఆ టీ దారిలో తాగు.”

దారిలో తాగడం కుదరలేదు. తాండూరు రోడ్డు గుంతలు సగం టీని అతని చొక్కాకే తాగించాయి. అయినా వేణుకు ఒళ్లంతా హుషారుగా ఉంది. ఎన్నాళ్లకు ఒక అసలైన కేసు!

తొమ్మిదిన్నరకు గని చేరారు. రాయి తీసి తీసి వదిలేసిన చోటది. మెట్లుమెట్లుగా బండలు, అట్టడుగున పచ్చటి నీళ్ల గుండం. బండల మీద దారి చూపే జెండాలు కట్టారు. షెడ్డు ముందు మాత్రం పాలిష్ మిషన్ల నుంచి వచ్చిన తెల్లటి రాతి బురద పరుచుకుని ఉంది.

పక్కనే పరిగి కుర్రాడు నిఖిల్ అప్పుడే వ్యాన్ లోంచి తన బండి దించుతున్నాడు. అశ్వినికి గట్టి పోటీ ఇతనే. వంగి టైరులో గాలి తీసేయసాగాడు. టైరు మెత్తబడి అడుగున పరుచుకుంది.

“పంక్చరా?” అన్నాడు వేణు.

నిఖిల్ నవ్వాడు. “కాదన్నా. వ్యాన్ల తాళ్లతోని బిగించి కట్టేటందుకు ఇరవై పౌండ్ల గాలి పెడ్తం. బండలు ఎక్కే ముంగట నాలుగుకు దించుతం. గట్టి టైరు రాయి మీద జారుతది, మెత్తటిది పట్టుకుంటది.”

“అశ్విని బండి దొరక్కపోతే గెలుపు నీదే కదా?”

కుర్రాడి ముఖం ఎర్రబడింది. “ఆమె లేకుంట గెలిస్తే నన్ను ఎవడు మెచ్చుతడన్నా? నవ్వుతరు!”

కరుణ షెడ్డు ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. బురదలో రెండు టైరు జాడలు. లోపలికి వచ్చిన జాడ రెండు వేళ్ల వెడల్పు. బయటికి పోయిన జాడ మీద నాలుగు వేళ్లూ పట్టాయి. ఇరవై అడుగుల తర్వాత అది ఉత్త బండ మీదికెక్కి మాయమైంది.

“రాత్రి నువ్వు గాలి తీశావా?” అని అశ్వినిని అడిగింది.

“లేదు మేడమ్. ఎక్కే ముంగటనే తీస్త.”

కరుణ చేతులు దులుపుకుని లేచి జంగప్పను పిలిచింది. కర్ణాటక చించోళి వైపు మనిషి, మాటల్లో కన్నడం దొర్లుతుంది. పదేళ్లుగా సేటు దగ్గరే వాచ్‌మన్. అడగకముందే మొదలుపెట్టాడు.

“నోడ్రమ్మా, ఐదున్నరకు నా కండ్లతోని చూసిన. ముందల ఎవడో నడుపుతుండు. ఎన్క గీ పిల్ల నాయిన బీరయ్య గొంగడి కప్పుకోని కూసున్నడు. చించోళి తొవ్వ పట్టిన్రు.”

“బీరయ్య సరిగ్గా కూర్చోగలిగాడా, జారిపోతున్నాడా?”

“జారుడెందుకమ్మా? అటొక కాలు ఇటొక కాలు ఏసి దర్జాగ కూసున్నడు.”

“బాగా చూశావు,” అంది కరుణ ఎంతో మర్యాదగా. ఆ మర్యాద చూసి వేణుకు ఒళ్లు మండింది.

రాజేశం సేటు టెంటు కింద కూర్చుని ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్ల పెద్దమనిషి. ఎండ చురుక్కుమంటున్నా కుడి భుజం మీద నిండుగా శాలువా. “ఎందుకమ్మా గీ పరేషాన్? ఆడపిల్ల బతుకు బజార్ల పడొద్దని నేనే ఊకున్న,” అంటూ ఫ్లాస్కులోంచి టీ పోయించి, ఎడమ చేత్తో వేణుకు గ్లాసు అందించాడు.

వేణు ముఖం మాడిపోయింది. తన తండ్రి కొట్లో అగ్గిపెట్టె అయినా ఎడమ చేత్తో ఇస్తే ఇంటికొచ్చాక వీపు చిట్లేది. ఇంత పేరున్న షావుకారికి ఆ మాత్రం తెలియదా? బయటికి వచ్చాక కరుణ దగ్గర అదే గొణిగాడు. కరుణ టక్కున ఆగిపోయింది.

“ఎడమ చేత్తోనా? నేను అశ్విని వైపు చూస్తున్నాను, గమనించలేదు. వేణూ, నీ జీతం ఇవాళ వసూలైంది.”

ఎందుకో తెలియకపోయినా వేణు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

గని అంచున పంటలేని చెలకలో బీరయ్య మందతో ఉన్నాడు. కూతుర్ని చూసి ముఖం తిప్పుకున్నాడు.

“నూకేస్తనన్నది నిజమేనమ్మా. కోపంల అన్న. అన్నంత మాత్రాన దొంగనైతనా?” అన్నాడు.

“పొద్దున నువ్వు ఎక్కడున్నావు బీరయ్యా?”

“మందను గుండం కాడికి తోలిన. నెల సంది మంద గీడనే, రోజు తాగే నీళ్లే. ఇయ్యాల గొర్లకు ఏం బీమారొచ్చిందో, ఒక్క జీవం మూతి పెట్టలే. వాసన చూసి తుమ్ముకుంట ఎన్కకు మల్లినయ్.”

కరుణ కళ్లు మెరిశాయి. “ఏ దిక్కున?”

“తూర్పు దిక్కు. గా మూడు మెట్ల కింద.”

వేణు గడియారం చూశాడు. పదకొండుకు పది నిమిషాలు. “అందర్నీ గుండం గట్టు మీదికి రమ్మను,” అంది కరుణ. “సేటుగారిని ముందు పిలువు.”

పావుగంటలో గట్టు నిండిపోయింది. పోటీదారులు, జడ్జీలు, జంగప్ప, బీరయ్య, అందరి కంటే ముందు శాలువాతో సేటు. కరుణ గొంతు పెంచకుండానే మొదలుపెట్టింది.

“బీరయ్య ఈ బండి వెనక దర్జాగా కూర్చుని పోయాడని జంగప్ప చెప్పాడు. నిఖిల్, నీ బండి వెనక నన్ను కూర్చోబెట్టుకుంటావా?”

నిఖిల్ నోరు తెరిచాడు. “ఎట్ల మేడమ్? సీటే లేదు గద. నడిపేటోడే నిలబడాలె.”

గుంపులో గుసగుసలు లేచాయి. జంగప్ప నేల చూపులు చూడసాగాడు.

“అంటే చూడనిది చెప్పాడు. ఎవరి కోసం? అది తర్వాత. ముందు బండి సంగతి. రాత్రి టైర్లలో గాలి ఇరవై. పొద్దున షెడ్డు లోంచి పోయిన జాడ వెడల్పు చూస్తే నాలుగు. దొంగైతే గాలి ఎందుకు తీస్తాడు? తీస్తే నెట్టుకుపోవడం ఇంకా కష్టం. గాలి తీసినవాడు దొంగిలించడానికి రాలేదు, బండల మీద నడపడానికి వచ్చాడు. అశ్విని రోజూ ఏం చేస్తుందో చూసి చూసి నేర్చుకున్న మనిషి అతను. బీరయ్యకు ఆ సంగతే తెలియదు. నిఖిల్‌కు తెలుసు, కానీ అతను పరిగి నుంచి వచ్చింది తొమ్మిది దాటాక.”

కరుణ తూర్పు దిక్కు మెట్ల వైపు చెయ్యి చూపింది.

“ఆ మనిషి మూడో మెట్టు మీద పడ్డాడు. బండి జారి నీళ్లలోకి పోయింది, ట్యాంకులోని పెట్రోలు నీళ్ల మీద తేలింది. మన ముక్కులకు తెలియలేదు, గొర్రెలకు తెలిసింది. అవి ఆ నీళ్లు ముట్టలేదు. పడినవాడు కుడి చెయ్యి ఆనించి ఉంటాడు. ఆ చెయ్యి ఇప్పుడు గ్లాసు కూడా ఎత్తలేకపోతోంది.”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, సేటు శాలువాను కుడి చేతి మీదికి లాక్కున్నాడు. అందరి కళ్లూ అటే తిరిగాయి.

ఈలోగా నిఖిల్ బూట్లు విప్పి నీళ్లలోకి దూకేశాడు. ఛాతీలోతు నీళ్లలో కాళ్లతో తడుముతూ నాలుగడుగులు వేసి, “ఉన్నది! హ్యాండిల్ దొరికింది!” అని కేక పెట్టాడు.

సేటు బండ మీద కూలబడ్డాడు. శాలువా జారింది. కుడి మణికట్టు బూరెలా ఉబ్బి ఉంది.

“రెండేండ్ల సంది చూస్తున్న. గీ పోరి బండల మీద నడుపుతుంటే నా పానం గుంజుతుండె. ఒక్కసారి, ఎవరు చూడకుంట ఒక్కసారి ఎక్కుదామనుకున్న. ఇంట్ల నా పెండ్లాం కనకమ్మకు తెలిస్తే ఊకుంటదా? అధ్యక్షుడు బొక్కబోర్ల పడ్డడంటే ఊరు ఊకుంటదా? నవ్వుతరని భయమైంది. గప్పుడే బీరయ్య మంద కనవడ్డది. జంగప్పకు గట్ల చెప్పుమన్న.”

“నవ్వుతరని మా నాయినను దొంగను చేస్తవా సేటూ?” అశ్విని అతని ముందుకొచ్చి నిలబడింది. “నీ బండిని నా బిడ్డ లెక్క చూసుకున్న. ఒక్క మాట నిజం చెప్తే నేనే తీసి సాఫ్ చేస్తుంటి గద!”

కేసు పెడతావా అని కరుణ బీరయ్యను అడిగింది. ఆయన కర్ర మీద గడ్డం ఆనించాడు.

“కేసు గీసు ఒద్దమ్మా. గా మైకు పట్టుకోని బీరయ్య దొంగ కాదని చెప్పుమను. గంతే.”

సేటు చెప్పాడు. గని నాలుగు మూలలా వినబడేలా, రెండుసార్లు చెప్పాడు. జంగప్ప కూడా వచ్చి బీరయ్య ముందు చేతులు జోడించాడు.

అప్పటికి పన్నెండు. మిగిలింది రెండు గంటలు. నీళ్లు మింగిన ఇంజను బతుకుతుందా? అశ్విని కళ్లు తుడుచుకుని పాన పట్టుకుంది. ప్లగ్గు విప్పింది. నలుగురూ కలిసి బండిని తలకిందులు చేస్తే సైలెన్సర్ లోంచి పచ్చటి నీళ్లు బడబడా కారాయి. మళ్లీ నిలబెట్టి కిక్కు కొడుతుంటే ప్లగ్గు రంధ్రం లోంచి నీళ్లు చిమ్మి వేణు ముఖం కడిగాయి. గాలి వడగట్టే స్పాంజి తడిసి ముద్దయింది. నిఖిల్ అడక్కుండానే తన దగ్గరున్న కొత్తది తెచ్చి ఇచ్చాడు. ట్యాంకు కడిగి, కొలిచిన ఆయిలు కలిపిన కొత్త పెట్రోలు పోశారు.

పది కిక్కులు. ఇరవై. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ప్లగ్గు తీసి ఆరబెట్టి మళ్లీ బిగించింది. ఒంటిగంటన్నర దాటింది. ముప్పై ఎనిమిదో కిక్కుకు బండి ఒక్క దగ్గు దగ్గి, తెల్లటి పొగ కక్కి, టర్ర్‌మని లేచింది. గని మొత్తం ఈలలతో మారుమోగింది. వేణు తానేం అరుస్తున్నాడో తనకే తెలియకుండా అరిచాడు.

పోటీలో లెక్క తేలిక. కాలు కింద పెట్టిన ప్రతిసారీ ఒక మార్కు పడుతుంది. ఎవరికి తక్కువ పడితే వాళ్లే విజేత. నాలుగు గంటలకు చివరి బండల వరుస దగ్గరికి వచ్చేసరికి అశ్విని, నిఖిల్ సమానంగా ఉన్నారు. మనిషెత్తు బండ మెట్టు ఎక్కేటప్పుడు నిఖిల్ కాలు ఒక్కసారి తగిలింది. ఒకటి.

ఇక అశ్విని. మెత్తటి టైరు రాయిని కరిచిపట్టుకుంది. బండి మెట్టు అంచున నిలబడిపోయింది. ఒక క్షణం, రెండు క్షణాలు, ముందుకీ కాదు వెనక్కీ కాదు. వేణు కళ్లు మూసుకోబోయి ఆగాడు. అశ్విని మోకాళ్లు వంచి, ఒళ్లంతా ముందుకు విసిరి పైకెక్కేసింది. జడ్జి పిడికిలి బిగించి ఎత్తి “సున్నా!” అని అరిచాడు.

పక్కన నిలబడ్డ బీరయ్య తలపాగా ఊడిపోయింది. “సున్ననా? నా బిడ్డ గంత పెద్ద బండ ఎక్కితే సున్న ఇస్తవార? కండ్లు లెవ్వా నీకు?” అంటూ కర్ర పైకెత్తి జడ్జి మీదికి ఉరికాడు.

వేణు పరుగున పోయి నడుం పట్టుకున్నాడు. “మామా, ఆగు! సున్నా వస్తేనే గెలుపు! నీ బిడ్డ గెలిచింది!”

బీరయ్య ఆగాడు. వేణు ముఖంలోకీ జడ్జి ముఖంలోకీ మార్చి మార్చి చూశాడు. తర్వాత కర్ర అక్కడే పడేసి, బండల మీద పడుతూ లేస్తూ కూతురి దగ్గరికి పరుగెత్తాడు.