కొయ్యచావడికి పట్టిన శాపం

పొన్నగిరి రాజ్యంలో ప్రజలకు ఒక వింత సరదా ఉండేది. ఎవరి వృత్తి వారు చేసుకుంటూనే, కాస్త తీరిక దొరికితే చాలు, ఉలీ బాడిసా పట్టుకుని కొయ్యపనికి కూర్చునేవారు. మంత్రసాని మంగాంబ గరిటెలు చెక్కేది. కోట కావలివాడు బొంగరాలు చేసేవాడు. రాజు మకరందవర్మ పీటలు చేసేవాడు కాని, అవి ఏనాడూ నేలమీద సరిగా నిలిచేవి కావు. ప్రతి పౌర్ణమినాడూ మధ్యాహ్నం అందరూ తాము చేసినవి తీసుకుని ఊరి నడుమనున్న కొయ్యచావడిలో చేరేవారు. ఒకరు చేసింది ఒకరికి చూపించుకుని, ఎలా చేశారో చెప్పుకుని, చీకటిపడే వేళకు ఇళ్ళకు వెళ్ళేవారు.

ఆ చావడిలో అందరికంటే చక్కని పనితనం పడవ నడిపే సోమన్న కూతురు వకుళది. పదహారేళ్ళ ఆ పిల్ల లేడిని చెక్కితే అది ఇప్పుడో ఇంకాసేపటికో గెంతేలా ఉండేది. ఆ సంగతి అందరికీ తెలుసు. వకుళకు మరీ బాగా తెలుసు.

ఒక పౌర్ణమినాడు, తలమీంచి కంబళి కప్పుకున్న పొడుగాటి మనిషి ఒకడు చావడిలోకి వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చి, ఒక కొయ్యపిట్టను అందరి ముందూ పెట్టాడు. దానికి ఒక రెక్క పెద్దది, ఒక రెక్క చిన్నది. పెట్టిన మరుక్షణమే అది ముక్కు నేలకు ఆనించి బోర్లా పడింది.

వకుళ ఫక్కున నవ్వింది. ఆమె నవ్వు విని పక్కవాళ్ళు నవ్వారు. కాసేపటికి చావడంతా నవ్వులతో ఊగిపోయింది. ఆ మనిషి పిట్టను తీసి కంబళిలో దాచుకుని వెనుదిరిగాడు. గడప దాటుతూ ఒక్కసారి వకుళ వైపు చూశాడు. ఆ కళ్ళు ఎండిన చెరువుల్లా ఉన్నాయి.

మూడో నాడు ఏటి ఒడ్డున పడవలోంచి సోమన్న కేక పెట్టాడు.

"తల్లీ! నా వేళ్ళు గడను వదలటం లేదే!"

వకుళ పరుగున వెళ్ళి చూసింది. తండ్రి వేళ్ళు గోధుమరంగుకు తిరిగి, వాటిమీద చెక్కమీద ఉన్నట్టే సన్నని చారలు తేలాయి. తట్టి చూస్తే టకటకమని చప్పుడైంది. సాయంత్రానికి మణికట్టు కూడా కొయ్యబారింది.

ఊరంతా అదే గోల. ఆ రోజు చావడిలో కూర్చున్న ప్రతివారి చేతులూ కొయ్యలవుతున్నాయి. ఆ కొయ్యదనం రోజురోజుకూ పైకి పాకుతున్నదనీ, తొమ్మిదో నాటికి గుండెను చేరుతుందనీ రాజవైద్యుడు చెప్పాడు. మకరందవర్మకు అప్పటికే మోచేతులదాకా కొయ్యబారిపోయాయి. ఒక్క వకుళ చేతులు మాత్రం మామూలుగా ఉన్నాయి. వీధిలో ఆమెను చూసి జనం తలుపులు మూసుకోసాగారు.

వకుళ రాజు దగ్గరకు వెళ్ళింది.

"మహారాజా, ఆ కంబళి మనిషిని వెతికి వస్తాను."

"అందరికీ వచ్చిన ఆపద నీకెందుకు రాలేదమ్మా?" అని అడిగాడు రాజు నీరసంగా.

"నాకూ అదే భయంగా ఉంది, ప్రభూ. తెలుసుకునే వస్తాను."

ఉలి, చిన్న సుత్తి నడుమున దోపుకుని ఆమె, ఆ మనిషి వెళ్ళిన దారినే ఉత్తరాన ఉన్న కారడవి వైపు నడిచింది. అడవి మొదట్లో తపస్సు చేసుకుంటున్న ఒక ముసలి యోగిని ఆమెను ఆపి, సంగతంతా విన్నది.

"వాడు మనిషి కాడు తల్లీ. మనిషి రూపంలో వచ్చిన శుష్కాక్షుడనే రాక్షసుడు. ఈ అడవి నడుమ కొండగుహలో ఉంటాడు. దారిలో నిన్నెవరు పిలిచినా తల ఎత్తి చూడకు. చూశావో, అక్కడే మానై నిలిచిపోతావు."

"నాకు కాళ్ళు వణుకుతున్నాయి అవ్వా."

"వణకనీ. వణుకుతూనే నడు," అన్నది యోగిని.

అడవిలో అడుగుపెట్టగానే మిట్టమధ్యాహ్నం కాస్తా మసకబారింది. ఆకు కదలదు, పిట్ట కూయదు. వకుళ తన పాదాలనే చూసుకుంటూ నడుస్తున్నది. కొంతదూరం పోయాక పక్కనుంచి ఎవరో పిలిచారు.

"వకుళా! తల్లీ! భుజాలదాకా వచ్చేసిందే! ఒక్కసారి ఇటు చూడు!"

అచ్చం తండ్రి గొంతు. వకుళ ప్రాణం విలవిలలాడింది. మెడ దానంతటదే తిరగబోయింది. ఆమె రెండు చేతులతో తలను గట్టిగా పట్టుకుని, ఏడుస్తూ, కాళ్ళీడ్చుకుంటూ ముందుకు సాగింది. ఆ గొంతు చాలాదూరం వెంటపడి, చివరికి పెద్దగా నవ్వి ఆగిపోయింది.

అడవి నడుమ లోతైన లోయ, దానిమీద ఒక సన్నని వంతెన. వంతెన మీద ఏనుగంత కొయ్యపులి పడుకుని ఉన్నది. ఆమెను చూసి అది కిర్రుకిర్రుమంటూ లేచింది.

"ఈ వంతెన దాటినవాళ్ళు లేరు. నిన్ను నమిలేస్తాను," అన్నది పులి.

కొయ్యపనికి అలవాటుపడిన వకుళ కన్ను పులి కాలిని గమనించింది. ముందుకాలి కీలులో చీల విరిగిపోయి, అడుగు వేసినప్పుడల్లా కాలు పక్కకు జారుతున్నది.

"నీ కాలు బాగుచేస్తాను. ఆ తరవాత నీ ఇష్టం," అన్నది వకుళ.

పులి ఆలోచించి కూర్చున్నది. "చెయ్యి. నొప్పి పుట్టిందో, కొరికేస్తాను," అంటూ ఆమె మెడను కోరల మధ్య పెట్టుకున్నది.

ఆ కోరలు చర్మానికి తగులుతుండగానే వకుళ ఒక గట్టి కొమ్మను చెక్కి చీల చేసింది. పాత ముక్కను మెల్లగా తీసి, కొత్త చీలను కీలులో దిగగొట్టింది. సుత్తి దెబ్బ పడినప్పుడల్లా కోరలు బిగుసుకున్నాయి. చివరి దెబ్బకు ఆమె మెడమీద రక్తపు చుక్క నిలిచింది. పులి నోరు తెరిచి, లేచి నాలుగడుగులు వేసింది. కాలు జారలేదు.

"వెళ్ళు. నన్ను చేసినవాడు నన్నెవరికీ చూపించలేదు. చూపించి ఉంటే ఈ కాలి సంగతి ఎవరో ఒకరు చెప్పేవారు," అన్నది పులి దారి వదులుతూ.

వంతెన అవతలి కొండగుహలోపల గోడల నిండా బొమ్మలు. వేలకు వేలు. వంకరవి, విరిగినవి, సగంలో ఆగినవి. వాటి కళ్ళన్నీ వకుళనే చూస్తున్నాయి. వాటి నడుమ తాటిచెట్టంత శుష్కాక్షుడు కూర్చుని, అరచేతిలో ఆ పిట్టను పెట్టుకుని ఉన్నాడు.

"వచ్చావా? నీ చేతులను కావాలనే వదిలిపెట్టాను. ముందుగా నవ్వినదానివి నువ్వు. మిగిలినవాళ్ళంతా మానులవడం చూసి, ఆఖరున నువ్వు కావాలి," అన్నాడు.

రాక్షసుడు పిట్టను ఆమె ముందు పెట్టాడు. అది బోర్లా పడింది.

"చెప్పు. ఇది బాగుందా? అబద్ధమాడితే ఇక్కడే నలిపేస్తాను."

బాగుందనాలని ఆమెకు నాలుక చివరిదాకా వచ్చింది. కాని అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

"బాగాలేదు," అన్నది వకుళ. "కొయ్య చారలకు అడ్డంగా చెక్కారు. అందుకే ఈ రెక్క విరిగి చిన్నదైంది. బరువంతా ముందుకు పడింది. ఆ రోజు ఈ మాట చెప్పవలసింది. నవ్వాను. తప్పు నాదే."

గుహ అదిరేలా రాక్షసుడు ఊపిరి వదిలాడు. వకుళ కళ్ళు మూసుకున్నది. కాని దెబ్బ పడలేదు.

"చారల వెంట చెక్కాలా?" అన్నాడు శుష్కాక్షుడు మెల్లగా. "మూడువందల ఏళ్ళుగా చెక్కుతున్నాను. నాకెవరూ చెప్పలేదు."

వకుళ దగ్గరకు జరిగి, ఆ బండవేళ్ళ మధ్య ఉలిని ఎలా పట్టాలో చూపించింది. పెద్దరెక్కను ఇద్దరూ కలిసి తగ్గించారు. రాక్షసుడు ఊపిరి బిగబట్టి పిట్టను నేలమీద ఉంచాడు. అది కాస్త ఊగి, నిలబడింది.

అతడు పిట్టను అరచేతిలోకి తీసుకున్నాడు. "శాపం వెనక్కి తీసుకుంటే నా రాక్షసబలం పోతుంది. మామూలు మనిషినవుతాను. అప్పుడు మళ్ళీ నవ్వితే నేనేం చెయ్యగలను?"

అతడు భయపడుతున్నాడని వకుళకు అప్పుడు తెలిసింది.

"నవ్వరని మాట ఇవ్వలేను. కాని నేను మీ పక్కనే కూర్చుంటాను," అన్నది.

శుష్కాక్షుడు కళ్ళు మూసుకుని మంత్రం చదివాడు. గుహలో దుమ్ము లేచింది. దుమ్ము అణిగాక, అక్కడ బక్కచిక్కిన నడివయసు మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు.

వాళ్ళు పొన్నగిరి చేరేసరికి సోమన్న ఏటి ఒడ్డున, మామూలుగా మారిన చేతులు చాచి ఎదురొచ్చాడు. బిడ్డలు లేని మకరందవర్మ నిండుసభలో వకుళను తన దత్తపుత్రికగా ప్రకటించి, యువరాణి కిరీటం పెట్టాడు. కొన్నేళ్ళకు ఆమె ఆ రాజ్యాన్ని చల్లగా ఏలింది కూడా.

కాని అంతకుముందే, కిరీటం పెట్టిన వారానికి, మరో పౌర్ణమి వచ్చింది. శుష్కాక్షుడు చావడి గడప దగ్గర ఆగిపోయాడు. వకుళ చేయి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళింది. అతడు మూట విప్పి ఒక ఒంటెను చాపమీద పెట్టాడు. దాని మెడ ఒక పక్కకు వాలి ఉన్నది. అందరూ ఒంటె వైపు చూశారు. వకుళ అతడి పక్కనే కూర్చున్నది.

మంగాంబ కళ్ళు చిట్లించి, ఒంటెను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఏం నాయనా, ఈ మూపురం ఇంత నున్నగా ఎట్లా తెచ్చావు? నా గరిటెలకు ఇట్లా రాదే!"

శుష్కాక్షుడు చెప్పడం మొదలుపెట్టాడు. మొదట ఒక్కొక్క మాటే వచ్చింది. ఆ తరవాత జనం పీటలు లాక్కుని దగ్గరకు జరిగారు. పొద్దు వాలి, దీపాలు పెట్టే వేళైనా అతడి మాటలు అయిపోలేదు.