వేసవి డీజిల్

ఆయిల్ కంపెనీ కెమిస్ట్ కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే చనిపోయాడు. కిటికీ అద్దంలో ఒక చిన్న రంధ్రం, అతని కోటులో ఇంకొకటి. టేబుల్ మీద టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. కిటికీ బయట మంచు పేరుకున్న గట్టు మీద ఒక సీసా, దాని నిండా పాలలాంటి ద్రవం.

"ఇదేంటో చెప్పగలవా, కొత్త పెళ్ళికొడకా?" చీఫ్ అడిగాడు. ఏజెంట్‌కి పెళ్ళయినప్పటి నుంచి ఆఫీసులో అదే పేరు.

"పాలా సార్?"

"డీజిల్! హీటర్ పక్కన పెట్టి చూస్తే తేనెలా మెరుస్తుంది. వీళ్ళు పరీక్ష చేసేది అక్కడే. ఈయన ఒక్కడికే అనుమానం వచ్చి చలిలో పెట్టాడు. అందుకే పోయాడు."

మిగతా బ్రీఫింగ్ కారులో జరిగింది. హాస్పిటల్ జనరేటర్ ట్యాంకులో పోసింది ఆ డీజిలే. విదేశీ ముఠా గుట్టంతా తెలిసిన సాక్షి అక్కడే ఆపరేషన్ టేబుల్ మీద ఉన్నాడు. ఛాతీ తెరిచేశారు. ఇక మధ్యలో ఆపడం కుదరదు.

"ముఠావాళ్ళు ఏ క్షణమైనా కరెంటు కోస్తారు. జనరేటర్ కూడా ఆగిందా, సాక్షి పోతాడు. దాన్ని హత్య అని కూడా ఎవరూ అనరు. మంచి డీజిల్ తెస్తున్న ట్యాంకర్ మంచులో ఇరుక్కుంది."

ఏజెంట్ తన షూ లేసుల వైపు చూసుకున్నాడు. ఆ థియేటర్‌లో నర్సు అతని భార్యే. పొద్దున అతను వద్దంటున్నా వినకుండా షూ లేసులు తనే కట్టింది. "చూడు, సీతాకోకచిలుక!" అంటూ ఆ ముడిని చూసుకుని మురిసిపోయింది.

"ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఉంది. కోడ్ నేమ్ నెమలి. జనరేటర్ గదిలో నిన్ను కలుస్తుంది. 'ఇంజిన్‌కి జలుబు చేసిందా' అంటుంది. 'తుమ్ములింకా మొదలవలేదు' అనాలి నువ్వు."

"ఇదేం కోడ్ సార్?"

"కోడ్‌లు రాసేవాడికి జలుబు."

మెకానిక్ వేషంలో ఏజెంట్ హాస్పిటల్ వెనక జనరేటర్ గదిలోకి అడుగుపెట్టాడు. డ్రమ్ము మీద కాలు మీద కాలేసుకుని ఒకామె కూర్చుని ఉంది. ఖరీదైన ఫర్ కోటు, ఎర్రటి లిప్‌స్టిక్. గది నిండా సెంటు వాసన.

"ఇంజిన్‌కి జలుబు చేసిందా?"

ఏజెంట్ జవాబు మరిచిపోయాడు. ఆమె అతని భార్యకి సొంత అక్క. సెంట్లు అమ్ముతూ ఊళ్ళు తిరుగుతుందని ఇంట్లో అందరికీ తెలిసిన మనిషి.

"వదినా! నువ్వా?"

"తుమ్ములింకా మొదలవలేదు అనాలి మరిదీ. నీకీ ఉద్యోగం ఎవరిచ్చారయ్యా బాబూ?" ఆమె నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఏజెంట్ కల్తీ కనిపెట్టడానికి ల్యాబ్ వాళ్ళిచ్చిన పెన్ను తీసి ట్యాంకులో డీజిల్‌లో ముంచాడు. పచ్చలైటు వెలిగింది. "బాగానే ఉందంటోందే!"

"ఆ పెన్నుని జేబులో పెట్టుకుని రాసుకో. ఇది వేసవి డీజిల్. ఇందులో మైనం ఎక్కువ. చలికి ఆ మైనం గడ్డకట్టి ఫిల్టర్‌ని మూసేస్తుంది. ఇంజిన్ మొదలవుతుంది, గొట్టాల్లో ఉన్నది తాగేస్తుంది, ఆ తర్వాత ఊపిరాడక చస్తుంది. పక్కగదిలో లాండ్రీ బాయిలర్ ఉంది. వేణ్ణీళ్ళు పట్రా, త్వరగా!"

లైట్లు ఆరిపోయాయి. జనరేటర్ దగ్గి, గర్జించి, అందుకుంది. బల్బులు వెలిగాయి. అంతలోనే గర్జన మూలుగైంది. బల్బులు ఎర్రబడ్డాయి.

అతను బకెట్‌తో పరిగెత్తుకొచ్చేసరికి ఆమె కోటు విప్పి ఫిల్టర్‌కీ గొట్టానికీ చుట్టేసింది. "దీని మీద నీళ్ళు పొయ్యి! వేడి నిలుస్తుంది." ఒక చేత్తో ప్రైమింగ్ పంపుని నొక్కుతూ డీజిల్‌ని ముందుకు తోస్తోంది. రెండో చెయ్యి పొట్టకి అదిమి పట్టుకుని ఉంది. ఆ వేళ్ళ సందుల్లోంచి రక్తం.

అతను బకెట్ దించి ఆమె వైపు వచ్చాడు.

"గేటు దగ్గర మా ముఠావాడే కాల్చాడు. నన్నెందుకు నమ్మాడా అని నాకెప్పుడూ ఆశ్చర్యమే. ఇప్పటికి తెలివొచ్చింది వాడికి."

"పైకి తీసుకెళ్తాను. డాక్టర్లు..."

"పైన చీకటైతే డాక్టర్లేం చేస్తారు? నువ్వు కదిల్తే ఇది ఆగుతుంది. పైనున్నది నా చెల్లెలు. దాని చేతిలో ఒక మనిషి ప్రాణం ఉంది. ఆ ప్రాణం పోయిందంటే అది జన్మలో మళ్ళీ ఆ థియేటర్ గడప తొక్కదు. నాకు తెలుసు దాని సంగతి. పొయ్యి!"

అతను తలుపు వైపు తిరిగి కేకలు పెట్టాడు. ఇంజిన్ మోతలో అవి అతనికే వినిపించలేదు. పోశాడు. పరిగెత్తాడు. మళ్ళీ తెచ్చి పోశాడు. కోటు నుంచి ఆవిరి లేచింది. మూలుగు కాస్తా గర్జన అయింది, మళ్ళీ సన్నగిల్లింది, మళ్ళీ పుంజుకుంది.

"పెళ్ళికి రాలేకపోయాను," అందామె. "చీర ఏ రంగు కట్టుకుంది?"

"నీలం. నీలానికి వెండి అంచు."

"నీలమా? దానికి నీలం నప్పదని ఎన్నిసార్లు చెప్పానో!"

"చాలా బాగుంది వదినా."

"నీకలాగే ఉంటుందిలే," అంది ముచ్చటగా.

అతను మళ్ళీ బకెట్ నింపుకుని వచ్చేసరికి ఇంజిన్ నిలకడగా మోగుతోంది. పంపు మీద ఆమె చెయ్యి మాత్రం ఆగిపోయింది. అతను ఆ నీళ్ళు కూడా పోశాడు. ఆ తర్వాతి బకెట్ కూడా పోశాడు. ఊరి కరెంటు తిరిగొచ్చేదాకా పోస్తూనే ఉన్నాడు.

సాక్షి బతికాడు. మత్తు దిగాక అతను చెప్పబోయే పేర్లతో ముఠా మొత్తం దొరికిపోతుంది.

"నెమలి మన మనిషని ఎవరికీ తెలియకూడదు," చీఫ్ వరండాలో గొంతు తగ్గించి అన్నాడు. "ఆమె పంపిన మనవాళ్ళు ఇంకా సరిహద్దు అవతల ఉన్నారు. రోడ్డు ప్రమాదమని రాశాం. సాయంత్రం పోలీసులు ఇంటికొచ్చి చెప్తారు. అప్పటిదాకా నీకూ ఏమీ తెలియదు."

థియేటర్ తలుపు తోసుకుని భార్య పరిగెత్తుకొచ్చింది. నుదుటి మీద టోపీ నొక్కిన గీత, మొహం నిండా నవ్వు.

"సక్సెస్! లైట్లు రెండు మూడు సార్లు మిణుకుమన్నాయి, అంతే. ఆ జనరేటర్ చూసేవాళ్ళెవరో గానీ చేతులకి దణ్ణం పెట్టాలి!" అతని మెకానిక్ బట్టలు చూసి కళ్ళెగరేసింది. "ఇదేం వేషం? సర్లే, విను. అక్క ఊళ్ళోనే ఉందట, రాత్రి భోజనానికి పిలిచాను. ఎప్పుడూ ఆలస్యంగా వస్తుంది, తన కోసం వేడివేడిగా తీసిపెట్టాలి. ఏం వండమంటావు?"

పాస్‌పోర్టు అధికారులకీ, శత్రు గూఢచారులకీ, లై డిటెక్టర్‌కీ రెప్ప వాల్చకుండా అబద్ధాలు చెప్పి మెడల్ తెచ్చుకున్న ఆ ఏజెంట్, ఏం కూర వండాలో చెప్పలేక గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.