క్రియాటినిన్ ఎందుకు పెరిగింది?

"మల్లా రక్తమా? మా నాయన ఏమన్నా బోరుబావా, రోజూ తోడుకపోయేదానికి?"

సూది పట్టుకున్న తబస్సుమ్ తలెత్తింది. నంద్యాల ఆసుపత్రిలో ల్యాబ్ పనికి చేరాక ఆమెను చాలామంది తిట్టారు గానీ, ఇంత అందమైన మొహం పెట్టుకుని ఎవరూ తిట్టలేదు.

"పేషెంటే గమ్మునుండాడు. మీకేందీ నొప్పి?"

మంచం మీద అబ్దుల్ రహిమాన్ నవ్వబోయి, ఛాతీ కుట్లు గుర్తొచ్చి ఆగిపోయాడు. ఆయనకు బైపాస్ అయింది. గొడవకు దిగింది కొడుకు తౌఫీక్, ఆళ్ళగడ్డలో మోటార్లకు వైండింగ్ కట్టే కుర్రాడు.

"మీరు మోటారు కాలిపోయినాకనే చూస్తారా?" అంది తబస్సుమ్.

"ల్యాదు. ముందే మీటరు పెట్టి చూస్తాం."

"ఇదీ అంతే. ట్రోపోనిన్ గుండె సంగతి చెప్తాది, సీఆర్పీ వాపు సంగతి, క్రియాటినిన్ కిడ్నీల సంగతి. ఆపరేషన్ అయినాక ఏదన్నా తేడా రాబోతాంటే మనిషి కంటే ముందు రక్తమే చెప్తాది."

"గుండెలో ఎవరుండారో గూడా చెప్తాదా? అయితే నాదీ రోంత తీయండి మేడమ్."

"మీకు పెద్ద సూది కావాల," అని ఆమె వెళ్ళిపోయింది. తౌఫీక్ ఆ రోజంతా ఊరికే నవ్వుకుంటూ తిరిగాడు.

మర్నాడు క్రియాటినిన్ పెరిగింది. ఆ మర్నాడు ఇంకా పెరిగింది. కిడ్నీలు దెబ్బతింటున్నాయేమోనని డాక్టర్ డిశ్చార్జి ఆపేశాడు. కర్నూలు పంపాల్సి రావచ్చన్నాడు. విచిత్రమేమిటంటే పెద్దాయన హుషారుగా నడుస్తున్నాడు, మూత్రమూ బాగానే వస్తోంది.

"నాటుమందులేమన్నా ఇస్తాండారా?" తబస్సుమ్ నిలదీసింది.

"ల్యాదు," అన్నాడు తౌఫీక్. అది నిజమే. మిగతా నిజం మాత్రం మింగేశాడు.

వాళ్ళమ్మ మాబూబీ లెక్కలో, కోసిన ఒళ్ళు అతకాలంటే పొట్టేలు మాంసం పడాలి. రోజూ ఆళ్ళగడ్డ మొదటి బస్సులో కండక్టరు చేతికి క్యారియర్ ఇచ్చి పంపేది. తౌఫీక్ బస్టాండులో అందుకొచ్చేవాడు. కర్టెన్ చాటున పెద్దాయన దాన్ని ఖాళీ చేసేవాడు. ఆ తర్వాతే తబస్సుమ్ సూదితో వచ్చేది. ఈ సంగతి చెబితే ఆమె ఇక తన మొహం చూడదని అబ్బాయిగారి భయం.

కర్నూలుకు అంబులెన్స్ మాట చెవిన పడగానే, నాయనకేమవుతుందోనన్న భయం ముందు ఆ భయం నిలవలేదు. ల్యాబ్‌లోకి ఉరికాడు.

"మేడమ్! మాంసం!"

"ఏందీ మాంసం?"

"పొట్టేలుది. రోజూ పొద్దున మీరొచ్చే ముందు మా నాయన తింటాండాడు. అరకేజీ."

"అరకేజీనా! బైపాస్ అయినోనికా?"

"రెండు ముక్కలు నేను గూడా తిన్నా."

తబస్సుమ్‌కు నవ్వూ కోపమూ కలిసే వచ్చాయి. కోపాన్నే బయటికి వదిలింది. "ఉడికిన మాంసం దండిగా తింటే క్రియాటినిన్ కాసేపు పెరుగుతాదప్పా! ఊరికే కర్నూలుకు పంపిచ్చబోతిమి గదా!"

డాక్టర్ కూడా తన వంతు తిట్టాడు. మాంసం మానిపించి మళ్ళీ పరీక్ష చేస్తే తగ్గింది. కిడ్నీలు నిక్షేపంగా ఉన్నాయి.

ఆ రిపోర్టుతో వచ్చిన తబస్సుమ్ వరండాలో తౌఫీక్‌ను ఆపింది.

"ముందే ఎందుకు చెప్పల్యా?"

"చెప్తే మీరు నాతో మాట్లాడరని."

"మీ నాయన కంటే నా మాటలెక్కువా?"

"కాదు గాబట్టే చెప్పినా. మీరు మాట్లాడకపోయినా ఫర్వాల్యాదనుకొనే వచ్చినా. కానీ తట్టుకోల్యాకపోతాండా. మీరంటే నాకిష్టం."

తబస్సుమ్ చెవులు ఎర్రబడ్డాయి. ఏదో అనబోతూ తల తిప్పితే, ఆ పొద్దున ఆళ్ళగడ్డ నుంచి వచ్చి, డాక్టర్ చేత చీవాట్లు తిని బయటికొచ్చిన మాబూబీ అన్నీ వినేసినట్టు నిలబడి ఉంది.

"పాపా, మీ ఇల్లు యాడ?"

"నూనెపల్లె."

"మీ నాయన ఇంట్లో ఎప్పుడుంటాడు?"

తబస్సుమ్ తౌఫీక్ వంక ఒకసారి చూసింది.

"ఆదివారం ఉంటాడు. కానీ అడిగేది మాత్రం ఈయప్పనే అడగాల. నిజం చెప్పేది ఇప్పుడిప్పుడే నేర్చుకుంటాండాడు."