పై చేనులో మల్లె

శనగ మొక్క మొదలు దగ్గర వేలెడంత తెల్లటి మొలక నేలను చీల్చుకుని లేచింది. కలుపు పీకుతున్న కోడలు దాన్ని చూసి ఆగిపోయింది. దానికి ఆకు లేదు, పచ్చదనం లేదు. పైన నాలుగు ఊదా పూలు మాత్రం ఉన్నాయి. వాటిని చూసే కాబోలు, ఎవరో దానికి మల్లె అని ముద్దుపేరు పెట్టారు. శనగ వేరుకు నోరు పెట్టి, దాని రసం పీల్చి బతికే కలుపు అది. వరుసగా ఇది నాలుగో ఏడు... అంటే, ఈ ఏడూ తాను పట్నం వెళ్లదు.

పెళ్లయిన కొత్తలోనే అత్తగారు తేల్చి చెప్పింది, పై చేను నిండుగా పండిన ఏడు వేరు కాపురం పెట్టిస్తానని. పట్నంలో మిషన్ల షాపులో పనిచేసే భర్త అమ్మ మాట జవదాటడు. రెండు నెలలకోసారి వచ్చి, "ఈ పంట చూద్దాంలే" అని వెళ్లిపోతాడు. ఆ పంట కోసం చూసి చూసి ఆమె కళ్లు కాయలు కాశాయి. వంగి కలుపు పీకి పీకి నడుము పడిపోయింది. అయినా మల్లె ఆగదు, ఆ ఇంటి గడప ఆమెను దాటనివ్వదు...

ఈసారి ఆమె ఎవరికీ చెప్పకుండా పై చేను, దిగువ చేను రెండింటి మట్టి తీసుకెళ్లి, నేలలు పరీక్షించే ఆఫీసులో ఇచ్చింది. పది రోజులకు అక్కడి ఆవిడ కాగితాలతో ఇంటికే వచ్చింది. వసారాలో అత్తగారు చేత్తో తడుముకుంటూ శనగకాయలు ఒలుస్తోంది. పెళ్లినాటికే మసకబారుతున్న ఆమె చూపు రెండేళ్లుగా మరీ తగ్గింది.

"దిగువ చేనులోనూ మల్లె విత్తనం ఉందమ్మా," అంది ఆఫీసు ఆవిడ. "కానీ ఆ నేల బలంగా ఉంది, అందుకే అది తల ఎత్తలేదు. పై చేనుది ఇసుక నేల, అందులో సత్తువ లేదు. ఆకలితో ఉన్న శనగ వేరు మట్టిలోకి ఒక రసం వదులుతుంది. అది తగలగానే నిద్రపోతున్న మల్లె విత్తనం మేలుకుంటుంది. పశువుల పెంట ఎందుకు వేయలేదు?"

"పై నేలకు పెంట వేడి చేస్తుందని అత్తయ్య చెప్పారండీ. అంతా దిగువకే మోశాను."

"పెంట వేడి చేస్తుందా? అదెక్కడి మాటమ్మా?" అని ఆవిడ నవ్వబోయి, అత్తగారి ముఖం చూసి ఆగిపోయింది. "మూడేళ్లు శనగ మానేసి జొన్న వేయండి. పెంట బాగా తోలండి," అని చెప్పి వెళ్లిపోయింది.

ఆవిడ అటు వెళ్లగానే కోడలు అత్తగారి పక్కన కూర్చుని అడిగింది.

"నిజంగా వేడి చేస్తుందనే అనుకున్నారా అత్తయ్యా?"

అత్తగారు చేతిలోని కాయ పక్కన పెట్టింది.

"లేదే తల్లీ... చేను పండితే నువ్వు వెళ్లిపోతావు. నాకు గోడ ఎక్కడుందో, గుమ్మం ఎక్కడుందో తెలియదు. నువ్వు పోతే నా చేయి పట్టుకునేదెవరు? నేలను పస్తు పెట్టి నిన్ను కట్టేశాను."

కోడలి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"ఒక్కసారి ఉండమని అడిగి ఉంటే, నేనే ఉండేదాన్ని కదా..."

"ఇప్పుడు అడిగితే?"

కోడలి లోపల నాలుగేళ్ల అలసట తప్ప ఏమీ మిగల్లేదు. ఆమె లేచి లోపలికి వెళ్లి, అటక మీద పెట్టె దించింది.

కాసేపటికి అత్తగారు గోడ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. కోడలి బట్టలు ఒక్కొక్కటే తడిమి మడవసాగింది.

"నేను చేసింది అబ్బాయికి నేనే చెబుతాను. నన్నేమంటాడో అననీ," అంది.

అంచులు కలవక మడతలన్నీ వంకరగా వచ్చాయి. కోడలు వాటిని విప్పలేదు. వచ్చినవి వచ్చినట్టే అందుకుని పెట్టెలో సర్దింది.