ఎర్రకారు పీల్చిన గాలి

నమ్మకం లేనివాళ్లు ఇప్పుడే లేచి ఇంటికి పోవచ్చు, నాకేం కోపం లేదు. కాకపోతే దారి ఆ కొండమలుపు షెడ్డు పక్కనుంచే... ఆలోచించుకోండి.

ఆ షెడ్డుకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక దాని ముందు ఏ బండి ఆపినా ఇంజను దగ్గుతుంది. లారీడ్రైవర్లు అక్కడ హారన్ కూడా కొట్టరు — లోపల ఉన్నవాడు లేస్తాడని.

లోపల ఉన్నది ఎర్ర కారు. రెండే సీట్లు. ముసలి బండి, మొండి బండి. దాన్ని నడిపింది పెద్దోడు. వాడు స్టీరింగు తిప్పితే రోడ్డే పక్కకి జరిగి దారిచ్చేది! అంతటివాడు కొండ దిగే పందెంలో, ఇదే మలుపు దగ్గర బ్రేకు తొక్కాడు... కారు ఆగలేదు.

వాడి తమ్ముడు, చిన్నోడు, ఆ కారుని మళ్లీ నిలబెట్టాడు. తెల్లారితే అదే పందెం. పుట్టినప్పటినుంచీ "ఫలానావాడి తమ్ముడు" అనిపించుకున్న కడుపుమంట చల్లారాలంటే ఆ పందెం కప్పు గెలవాలి.

కానీ నిన్నటిదాకా బాగున్న ఇంజను ఈ రాత్రి నిలకడగా లేదు. యాక్సిలరేటర్ వదిలితే చాలు — గర్ర్... పైకి లేస్తుంది. ఉస్స్... కిందికి జారిపోతుంది. ఊపిరాడని మనిషిలాగా.

ప్లగ్గులు మార్చాడు. కార్బురేటర్ విప్పి కడిగాడు. ఊహూఁ. ఎక్కడో కన్నంలోంచి దొంగగాలి పీలుస్తోంది.

దానికి మెకానిక్కుల పాత కిటుకు ఒకటుంది. రబ్బరు ట్యూబు ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ఇంజను చుట్టూ తిప్పితే, లీకు ఎక్కడుందో బుస్సుమని అదే చెప్పేస్తుంది. చిన్నోడిది మామూలు చెవా? చీమ తుమ్మితే దానికి జలుబో, దుమ్మో చెప్పగలడు!

అంతటా తిప్పాడు — ఒక్క మూల తప్ప. బ్రేకుకి బలమిచ్చే గొట్టం ఇంజనుతో కలిసే మూల. అటు చూడడు. చూడలేడు.

చివరికి తప్పలేదు. మొహం పక్కకి తిప్పుకుని, ట్యూబు కొస అటు చాపాడు.

బుస్స్... బుస్స్...

"తమ్ముడూ..."

చిన్నోడు ట్యూబుని చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"బ్రేకు పెడలు రాయిలా ఉందిరా... దిగట్లేదు..."

అన్న గొంతు!

"చంపాలనుకోలేదన్నా!" చిన్నోడు కూలబడ్డాడు. "ఇంజను ఆగిపోయి నువ్వు ఓడిపోతే చాలనుకున్నా. అందుకే ఆ గొట్టానికి బ్లేడు పెట్టా. బ్రేకు కూడా దాని మీదే బతుకుతుందని నాకు తెలీదు... ఒట్టు!"

ఇంజను కుదురుకుంది. ఒక్క తీరుగా, ఒద్దికగా...

గుమ్మంలో టార్చి వెలిగింది.

"ఏం మరిదీ, లీకు దొరికిందా?"

వదిన! పక్కనే, సాక్ష్యానికి తెచ్చుకున్న వెల్డరు. ఆవిడ పిడికిట్లో నల్లటి గొట్టం.

"నీ మీద అనుమానంతో సాయంత్రం నేనే ఊడదీశా. కన్నం నోరు తెరుచుకుని నీ కళ్లెదుటే ఉంది. అన్నీ వెతికావు, అదొక్కటే చూడలేదు. తప్పు చేసినవాడి కన్ను అక్కడికి పోదు, నాకు తెలుసు."

చిన్నోడు పళ్లు నూరాడు. "అందుకని అన్నయ్య గొంతు పెట్టి నాటకమాడతావా?"

"గొంతేంటి?" వదిన మొహం పాలిపోయింది. "నేను నోరే విప్పలేదే!"

అప్పుడు వెల్డరు ఇంజనువైపు వేలు చూపించాడు. కన్నం తెరుచుకునే ఉంది. గొట్టం వదిన చేతిలోనే ఉంది. ఇంజను మాత్రం... హాయిగా తిరుగుతోంది.

వదిన ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తెరిచాక నవ్వింది — ఆ నవ్వుకి టార్చి కూడా మసకబారింది.

"రేపు పందేనికి నువ్వే వెళ్లు మరిదీ. గొట్టం నా దగ్గరే ఉంటుంది. బ్రేకు సంగతి... ఆయన చూసుకుంటారులే."

టక్! ఖాళీ కారులో, డ్రైవరు సీటుకి పక్కనున్న రెండో సీటు తలుపు దానంతటదే మూసుకుంది.

కోతలంటారా? వెల్డింగు నిప్పురవ్వ కంట్లో పడ్డా రెప్పవేయని మొనగాడు ఒకడున్నాడు. ఆ రాత్రి నుంచి రెప్పవేయడం మానలేదు పాపం. వెళ్లి అడగండి — మొండిరెప్ప వెల్డరంటే ఎవరైనా చూపిస్తారు.