ఉత్త డబ్బాలో వేడిగాలి

మా ఆయన శాంతయ్య తిరుపతిలో బాడుగకు కారు తోలేవాడు. చంద్రగిరి కోట చూసేవాళ్ళను, కాణిపాకం పోయేవాళ్ళను ఎక్కించుకునేవాడు. కారు బాగా పాతది. ఊటీ పక్క టీ తోటల్లో ఏండ్లకేండ్లు తిరిగి, వేలూరు బ్రోకరు చేతి మీదుగా మాకు వచ్చింది. కొండ మీద తిరిగిన బండి గనక దాంట్లో హీటరు ఉండింది. ముందు సీటులో కూర్చుంటే కాళ్ళ దగ్గర ఒక నల్ల పెట్టె, దానికి చిన్న రేకు తలుపు. అంతే.

స్టాండులో డ్రైవర్లకు అదొక నవ్వులాట.

"ఏమప్పా శాంతయ్యా, ఎండాకాలం గూడా వేస్తావా దీన్ని? కొండకు పోయే వాళ్ళను వేపుడు చేసి దించేట్టుండావే!" అనేవాడు మునస్వామి.

మా ఆయన గూడా నవ్వేవాడు. ఆ హీటరు ఎన్నడూ పనిచేసింది లేదు. మన ఎండలకు దాంతో పనీ పడలేదు.

ఆ ఏడు కార్తీక మాసంలో తుపాను పట్టుకొనింది. వానలు మొదలైన వారానికే మా కూతురు పల్లవికి నెలలు నిండకుండా ఆడబిడ్డ పుట్టింది. నా అరచేతిలో తల, మోచేతి దాకా కాళ్ళు, అంత బిడ్డ. తిరుపతి ఆసుపత్రిలో గాజు పెట్టెలో పెట్టి కాపాడినారు. తరవాత ఒకనాడు డాక్టరమ్మ బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"పాలు బాగానే తాగుతోందమ్మా. ఇక్కడ వార్డులో అందరికీ దగ్గులు, జ్వరాలు. ఇంటికి తీసుకుపోండి. ఒక్కటే మాట. చలి తగలనివ్వద్దు. ఒంట్లో వేడి తానే పుట్టించుకునే శక్తి ఈ బిడ్డకు ఇంకా రాలేదు. ఆ వేడి మీరే ఇవ్వాలి" అనింది.

నేను ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని. పెద్దోళ్ళ ముందర నాకు నోరు పెగలదు. ఊరికే తల ఊపినాను. కానీ ఆ మాట నాలో నాటుకొని పోయింది.

మా ఊరు పీలేరు దాటినాక. దోవలో భాకరాపేట ఘాటు ఎక్కి దిగాల. అడవి, కొండ. మామూలు రోజుల్లోనే ఆడ చలి కొరుకుతాది. అందుకని మా ఆయన పొద్దున్నే ఆసుపత్రి గోడ పక్కన కారు పెట్టి హీటరు పనిబట్టినాడు. నేను గొడుగు పట్టుకొని నిలబడినాను.

రేడియేటరు మూత తీసి చూసినాడు. నీళ్ళు నిండుగా ఉండాయి. ఇంజను వేసి కాసేపు ఉరకనిచ్చినాడు. ఇంజను నుంచి హీటరుకు రెండు రబ్బరు పైపులు పోతాయి. ఒకదాంట్లో వేడినీళ్ళు లోపలికి పోయి, రెండోదాంట్లో వెనక్కు రావాల. రెండింటినీ పట్టి చూసినాడు.

"ఇది కాల్తాంది. ఇది సల్లగా ఉండాది. లోపల తుప్పు అడ్డం పడింది, అంతే" అన్నాడు.

పైపు ఊడదీసి నోట పెట్టి ఊదినాడు. బురద మాదిరి ఎర్రనీళ్ళు వచ్చినాయి. ఆసుపత్రి కొళాయి నీళ్ళు పట్టి కడిగినాడు. ఇంక బాగుపడిందని మళ్ళీ తగిలించేసరికి, నల్ల పెట్టె అడుగు నుంచి నీళ్ళు బొటబొటా కారి నా సీటు కింద మడుగు కట్టినాయి.

"సివికిపోయింది. దీనికి నీళ్ళు పెడితే ఇంజనుకు నీళ్ళుండవు" అని, చేసేదేమీ లేక రెండు పైపులూ ఒకదానికొకటి కలిపి ఇనప కమ్మీ చుట్టి బిగించేసినాడు. ఇంక వేడినీళ్ళు ఇంజనులోనే తిరుగుతాయి గానీ పెట్టెలోకి పోవు.

"హీటరు లేదనుకో జ్ఞానా. అది ఇంక ఉత్త డబ్బా" అన్నాడు చేతులు తుడుచుకుంటా.

మా ఆయన అక్క రాఘవమ్మ లోపల బిడ్డను సిద్ధం చేసింది. ఆమెది పెద్ద గొంతు, పెద్ద చెయ్యి. ఊరిలో సగం కాన్పులు ఆమె చేతి మీద అయినవే. పల్లవి పాతచీర మెత్తగా మడిచి, బిడ్డకు తల నుంచి కాళ్ళ దాకా చుట్టి, ముఖం మీద పలచటి గుడ్డ కప్పి, నడుము దగ్గర వేపమండ దోపింది.

"ఇంటి గడప దగ్గర హారతి ఇచ్చేదాకా ఎవురూ గుడ్డ ఇప్పగూడదు. దోవలో గాలి సోకుతాది. ఏమ్మే జ్ఞానాంబా, నీకే సెప్పేది. తొంగి తొంగి సూస్తావుండావే?"

"లేదు వదినా" అన్నాను.

మధ్యాన్నం అన్నాలు తిని బయలుదేరినాము. మబ్బుకు అప్పుడే దీపాలు పెట్టే వేళ మాదిరి ఉండింది. వెనక సీటులో పల్లవి, బిడ్డ, రాఘవమ్మ. ముందర నేను, మా ఆయన. చంద్రగిరి దాటినాక వాన ఎక్కువైంది. రంగంపేట దాటి ఘాటు ఎక్కేసరికి రోడ్డు మీద ఎర్రనీళ్ళు పారతా ఉండాయి. తడిసిన ఆకుల వాసన, మట్టి వాసన. కారు తలుపు సందుల్లోంచి చలి సూదుల మాదిరి దూరతా ఉండింది.

"మా, నా సేతులు వణకతాండాయి. బిడ్డకు ఎట్టుండాదో" అనింది పల్లవి వెనక నుంచి.

ఏం చెయ్యాలో నాకు తెలీలేదు. నేను కప్పుకున్న దుప్పటి తీసి వెనక్కు ఇచ్చినాను.

అప్పుడు నా కాళ్ళకు వెచ్చగా తగిలింది.

ముందు ఇంజను వేడేమో అనుకున్నాను. వంగి చెయ్యి పెట్టినాను. నల్ల పెట్టె రేకు తలుపు సందులోంచి మెత్తగా గాలి వస్తా ఉంది. వెచ్చని గాలి. తుప్పు వాసన లేదు, కాలిన దుమ్ము వాసన లేదు. పచ్చిపాల వాసన.

"ఏమయ్యో... హీటరు వస్తాంది" అన్నాను.

మా ఆయన నా పక్క చూసి నవ్వబోయినాడు. ఆ వేడి ఆయన కాళ్ళకూ తగిలింది. నవ్వు ఆగిపోయింది.

"ఒరే, పొద్దున్నించీ పనికిరాదు, పనికిరాదు అంటివే! నా తమ్ముడు మొండోడు, అనుకున్నది సాధిస్తాడు" అని రాఘవమ్మ వెనకనుంచి ఆయన భుజం చరిచింది. "బిడ్డను ముందరికియ్యి పల్లవీ. మే, దాని ఎదురుగా పెట్టుకో. బాగా తగలనీ."

బిడ్డను నా ఒడిలోకి ఇచ్చినారు. మోకాళ్ళ మీద పెట్టుకొని, ఆ సందుకు ఎదురుగా వంచి పట్టుకున్నాను. వేడి పెరిగింది. కారంతా కమ్ముకొనింది. అద్దాలకు ఆవిరి పట్టింది. పల్లవి ఎన్ని రాత్రుల నిద్రో, వెనక్కు వాలి పడుకొనింది. నాకు గూడా మొదటిసారి గుండె కుదుటపడింది.

మలుపు తిరిగినాక మా ఆయన కారు ఆపి వానలోకి దిగినాడు. బానెట్ ఎత్తినాడు. చానాసేపు చూసినాడు. మూసి వచ్చి కూర్చున్నాడు. ముఖం మీద నీళ్ళు తుడుచుకోలేదు. వెనకాలవాళ్ళకు వినపడకుండా అన్నాడు.

"పైపులు నేను కట్టినట్టే ఉండాయి."

"అయితే...?"

"పెట్టెలోకి సుక్క నీళ్ళు పోయేదానికి దోవ లేదు."

పొద్దున వేసి వదిలేసిన హీటరు స్విచ్చి ఆపినాడు. గాలి ఆగలేదు. వంగి దాని ఫ్యాను వైరు లాగేసినాడు.

గాలి ఆగలేదు.

"ఏందిరా ఆ పీకడం? ఉండనీ, సల్లగా నా మనవరాలు నిద్రపోతాంది. ఏదో దేవుడిచ్చింటే నీకెందుకురా అంత ఎంక్వైరీ?" అనింది రాఘవమ్మ. అప్పటికే ఆమె శాలువా తీసేసి పక్కన పెట్టుకొనింది.

మా ఆయన గేరు వేసినాడు. బండి కదిలింది. ఆపేదానికి మాకు మనసు రాలేదు. బిడ్డకు వేడి కావాల. వేడి వస్తా ఉంది.

కానీ ఆ గాలి ఫ్యాను గాలి మాదిరి లేదు. వచ్చేది... ఆగేది. మళ్ళీ వచ్చేది... ఆగేది. చిన్నచిన్నగా, గబగబా. నిద్రపోయే పసిబిడ్డ ముక్కు దగ్గర వేలు పెడితే తగుల్తాదే, అట్ల.

నా మెడ మీద చెమట కారతా ఉండింది. బిడ్డ కాళ్ళ పక్క గుడ్డను చేత్తో ఒత్తి చూసినాను. గుడ్డ మీద నుంచే తెలిసింది.

చల్లగా ఉంది.

"వదినా... బిడ్డ కాళ్ళు సల్లగా ఉండాయి" అన్నాను.

"వానాకాలం సల్లగా కాక ఇంకెట్టుంటాయి మే? ఇంకొంచెం దగ్గరికి పెట్టు."

దగ్గరికి పెట్టినాను. గాలి ఇంకా వేడెక్కింది. రాఘవమ్మ విసనకర్ర మాదిరి కొంగు ఊపుకుంటా "అబ్బా, ఉడికిపోతాండామురా" అనింది. నేను గుడ్డలోకి వేలు దూర్చినాను. పాదం. వేళ్ళు. రాత్రి బయట పెట్టిన చెంబు మాదిరి ఉండాయి.

అప్పుడే పెద్ద మలుపు వచ్చింది. కారు ఒరిగింది. బిడ్డ నా ఒడిలో ఆ సందు ఎదురు నుంచి పక్కకు జరిగింది. అంతే... గాలి చల్లబడింది.

"అరె, తగ్గిపోయిందే?" అనింది రాఘవమ్మ.

జారిపోతాదని బిడ్డను మళ్ళీ మోకాళ్ళ మీదికి లాక్కున్నాను. బిడ్డ ఆ సందుకు ఎదురుగా వచ్చింది. వేడి గుప్పుమని ముఖానికి కొట్టింది.

అప్పుడు నాకు అర్థమైంది. ఈ వేడి బిడ్డకు పోవడం లేదు. బిడ్డ నుంచి వస్తా ఉంది.

"ఆపు!" అని అరిచినాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలీదు. బండి ఆగీ ఆగకముందే తలుపు తీసి వానలోకి దిగినాను. ఆ కారులో ఉండేదానికన్నా వాన మేలనిపించింది. గుడ్డ విప్పినాను.

బిడ్డ కండ్లు తెరిచే ఉండింది. ఏడుపు లేదు. ముఖం విబూది రంగు. నోరు గుండ్రంగా పెట్టి, పాలు తాగినట్టు పెదవులు రెండుసార్లు ఆడించింది. రవిక విప్పి గుండెకు అదుముకున్నాను. చలి నా ఎముకల్లోకి పోయింది. బిడ్డకు నా వేడి పోలేదు.

"పిచ్చిముండా! పచ్చిబిడ్డను వానలో ఇప్పుతావా!" రాఘవమ్మ నా నుంచి లాక్కొనింది. పల్లవి ఉలిక్కిపడి లేచి, ఏమైందో తెలీక "అమ్మా, అమ్మా" అంటా ఉండింది.

పీలేరు చేరేసరికి అంతా అయిపోయింది.

నేను గుడ్డ విప్పినందుకే బిడ్డ పోయిందన్నారు. ఊరంతా అదే మాట. మా ఆయనకు పైపుల సంగతి తెలుసు. తెలిసీ నోరు తెరవలేదు. తెరిస్తే దోవంతా బిడ్డను దేని ఎదురుగా పెట్టినామో ఆయనే చెప్పాల్సి వస్తాది. కారును పశువుల కొట్టం పక్కకు తోసి, బ్యాటరీ తీసేసి, వేరేవాళ్ళ జీపుకు డ్రైవరుగా పోయినాడు.

పల్లవి నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండు. అల్లుడు జయచంద్ర వచ్చి పిలిచినా పోలేదు. తినేది తగ్గింది. ముఖం పాలిపోయింది. సాయంత్రమైతే ఇంట్లో కనపడదు. బాయికాడ వెదికినాను, తోటలో వెదికినాను. చివరకు ఒకనాడు కొట్టం పక్కన దొరికింది.

కారులో ఉండింది. ముందు సీటులో, నేను కూర్చున్న చోటే. ముందుకు వంగి, నల్ల పెట్టెకు చెంప ఆనించి, కండ్లు మూసుకొని ఉండింది.

తలుపు తీసినాను. వెచ్చని గాలి నా ముఖానికి తగిలింది. పచ్చిపాల వాసన. వచ్చి... ఆగి... వచ్చి... ఆగి.

"పల్లవీ, రామ్మా. బయటికి రా."

"తలుపు ముయ్యిమా. వేడి పోతాది" అని గుసగుసగా అనింది. "పాప నిద్రపోతాంది."

చెయ్యి పట్టుకొని లాగినాను. ఆ చెయ్యి... ఆ పొద్దు ఘాటులో గుడ్డలో నా వేలికి తగిలిన పాదం మాదిరే ఉంది. నేను లాగే కొద్దీ పల్లవి పెట్టెను గట్టిగా పట్టుకొనింది. ముఖం మాత్రం నవ్వుతా ఉంది. బిడ్డ పోయినాక మొదటిసారి నవ్వింది నా కూతురు.

ఆ నవ్వు చూసి చెయ్యి వదిలేసినాను. పక్కన కూర్చున్నాను. తలుపు మూసినాను.

ఎంత వెచ్చగా ఉండింది...

ఆ వేడిగాలి ఎదురుగా నా చీర కొంగు జారింది. గాలికి అది నా పక్కకు ఎగరాల. ఎగరలేదు. మెల్లగా ఆ రేకు తలుపు సందు పక్కకు పోయింది. ఆగింది. మళ్ళీ కొంచెం పోయింది. అంచు సందులోకి దూరింది. లోపల నుంచి ఎవరో చప్పరించినట్టు, అంచు తడిసింది.